నిద్రపోయే మొహాల మీద పొర

సోమవారం. నైరుతి గాలి, బాగానే ఉంది.

పొరల తనిఖీకి వచ్చే ఇందుమతిగారు ఇంటికొకరు చొప్పున రోజూ ఏం జరిగిందో రాసిపెట్టమన్నారు. మా ఇంట్లో నూకరత్నం చేతిరాత నాకంటే బాగుంటుంది గానీ, ఆమెకి చంటిపిల్లతోనే సరిపోతోంది. అందుకని ఈ పని నా మీద పడింది. నా పేరు పైడిరాజు. గవ్వలపేటలో ఇత్తడి సామానుకి కళాయి పూస్తాను. మధ్యలో ఎవరికీ అక్కర్లేకుండా పోయిన పని ఇది. ప్లాస్టిక్ బిందెలు, డబ్బాలు, బకెట్లు ఊరు దాటించాక మళ్లీ బతికింది.

దీపాలు పెట్టే వేళకి నిద్ర లేచాం. ఊళ్లో అందరిలాగే మేమూ మధ్యాహ్నం సముద్రపు గాలి ఊపందుకున్నాకే పడుకుంటాం. చీకటి పడితే గాలి మందగిస్తుంది. కదలని గాలిలో కదలకుండా పడుకున్న మొహం మీద పొర ఊపిరాడనంతగా కడుతుంది. గాలి ఉన్నా పలచగా కట్టకుండా ఉండదు.

లేవగానే నూకరత్నం నా గడ్డం కింద గోరు పెట్టి, అంచు పట్టుకుని పైకి లాగింది. చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. దీపానికి అడ్డం పెట్టి చూస్తే నా మొహమే. మూసిన రెప్పలు, ముక్కు, కాస్త తెరుచుకున్న పెదాలు, అన్నీ ఉన్నాయి. వెనకాల నేను లేను, అంతే. నాలుగు మడతలు పెట్టి రేకు డబ్బాలో వేశాను. పొద్దున్నే అందరూ ఎవరి డబ్బా వాళ్లు తీసుకెళ్లి సున్నపు గోతిలో వంపుతారు. మడత పెట్టకపోతే ఎగిరిపోతాయి. కిందటేడు పై వీధి ముసలాయన మొహం ఒకటి వచ్చి మా వంటింటి కిటికీ అద్దానికి అతుక్కుంది. ఆయన పోయి అప్పటికే నెలైంది.

ఆ తర్వాత బిందెలో నీళ్లు కలియబెట్టాను. పాలు కలియబెట్టాను. నిలవున్న నీటి మీద మీగడలా కట్టేదీ ఇదే పొర.

ఇందుమతిగారు వచ్చి డబ్బా విప్పి నా మొహాన్ని సూదితో పొడిచి చూశారు. సూది వంగింది.

"ఈ వీధి మొత్తంలో మీ ఇంట్లోనే దళసరిగా ఉంది. ప్లాస్టిక్ ముక్క ఎక్కడో మిగిలిపోయింది. పొర దాన్ని వెతుక్కుంటూ వస్తుంది."

"ఏటీ లేదండీ మా ఇంట్లో" అంది నూకరత్నం. "నా నల్లపూసలు కూడా తీయించీసి గాజువి ఏయించుకున్నాను."

"మళ్లీ వెతకండమ్మా. చంటిపిల్ల ఉన్న ఇల్లు."

బుధవారం. గాలి ఉంది, మధ్యమధ్య ఆగుతోంది.

రెండ్రోజులుగా ఇల్లంతా తిరగేస్తున్నాం. దొరికింది చూస్తే మాకే సిగ్గేసింది. నూకరత్నం పెళ్లిచీర అంచుకి వెనకాల కుట్టిన ఫాల్ గుడ్డ నూలుది కాదు. చీర పాడవకుండా కూర్చుని దాన్ని విప్పింది. గోడలో మేకు చుట్టూ దిగ్గొట్టిన తొడుగు ఒకటి బయటపడింది. అద్దం చెక్క వెనకాల ఎవరో ఎప్పుడో అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ల. గోరింటాకు రంగు, ఇంకా మెరుస్తూనే ఉంది. వేపపుల్లలు, కొబ్బరి చిప్ప బొత్తాలు, కొయ్య దువ్వెన, గుడ్డ సంచులు... వీటితోనే బతుకుతున్నామని అనుకున్నాం. ఆ బిళ్ల ఇన్నాళ్లూ గోడకేసి చూస్తూ మాతోనే ఉంది.

నిన్ననే అన్నీ మూటగట్టి ఇందుమతిగారికి అప్పగించేశాను. ఈరోజు మొహాల మీద పొర పలచబడలేదు.

మా అత్త అప్పలనరసమ్మ ఇదంతా అరుగు మీద కూర్చుని చూస్తోంది. ఇల్లు ఆమెది. నేను ఇల్లరికం వచ్చినవాణ్ని. వయసులో ఉండగా ఆమె నైలాన్ వలలు బాగుచేసేది. ఇప్పుడు జనుము వలలు బాగుచేస్తుంది. డెబ్బై దాటినా సూదిలోకి దారం మొదటిసారే ఎక్కిస్తుంది.

"ఎంత ఎతుకుతారర్రా" అంది నవ్వుతూ. "ఇంక నా పళ్లు కూడా పీకి సూడండి, సొంతవే."

శుక్రవారం. మధ్యాహ్నం గాలి ఆలస్యంగా లేచింది.

ఈరోజు పాప మొహం మీద కట్టింది. ఇదే మొదటిసారి. ఉయ్యాల ఊగుతూనే ఉంది, తాడు నా చేతిలోనే ఉంది. అయినా కట్టింది. నూకరత్నం చిటికెనవేలి గోటితో తీసింది. అరచేతిలో ఇమిడిపోయే మొహం, బోసినోరు తెరిచి ఉంది. దాన్ని మడవడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు. చివరికి అత్త తీసుకుని మడిచింది.

ఇందుమతిగారు ఒక ఉపాయం చెప్పారు. గది గదికీ గిన్నెతో నీళ్లు పెట్టి కదపకుండా వదిలేయమన్నారు. ముక్క ఎక్కడుంటే అక్కడి గిన్నెలో పొర ముందు కడుతుందట. పెట్టాం. వంటింటి గిన్నెలో ఏమీ లేదు. ముందుగదిలో పలచగా కట్టింది. అత్త మంచం పక్కన గిన్నె మీద మాత్రం వేలు పెడితే దిగనంత దళసరిగా ఉంది.

పెట్టె తెరవమని అత్తని, అల్లుణ్నైన నేను ఎలా అడుగుతాను? నూకరత్నమే అడిగింది.

"నా పెట్టె మీద పడ్డారేటే?" అని కోప్పడింది అత్త. తర్వాత తానే తెరిచి, చీరలూ రవికలూ ఒక్కొక్కటీ దులిపి మంచం మీద పడేసింది. బొంత విప్పి దూది తీసింది. ఏమీ దొరకలేదు. కొత్త మంచం వేశాం. గిన్నె మార్చాం. అత్త లేచి అరుగు మీదికి వెళ్తే అరుగు మీద గిన్నె కట్టింది. వంటింట్లోకి వెళ్తే వంటింటి గిన్నె కట్టింది.

ఆ తర్వాత నూకరత్నం గిన్నెలన్నీ వంపేసి కడిగేసింది.

ఆదివారం. గాలి తక్కువ.

ఇందుమతిగారు దీపం పట్టుకుని అత్త రెప్ప ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు.

"మామ్మగారూ, ఎప్పుడైనా కళ్లకి ఆపరేషన్ చేయించుకున్నారా?"

"ఎప్పుడిదో. ఈ గుంట పుట్టనప్పుడు" అని నూకరత్నాన్ని చూపించింది. "వలల మీద ఒంగి ఒంగి పనిసేసి సిన్నవయసులోనే సుక్లాలొచ్చీసినాయి. శిబిరం ఎడితే ఎల్లినాను. రెండు కళ్లకీ అద్దాలెట్టినారు. అప్పట్నుంచీ గద్దలాగ సూస్తన్నాను."

"అవి అద్దాలు కావు మామ్మగారూ."

అత్తకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడుపు కాదు, తుడిస్తే పోతుందేమో అన్నట్టు తుడిచింది.

"అయితే నానేనేటి" అంది మెల్లిగా. "ఇల్లంతా ఎతికినారు, నానేనేటి."

తీయడానికి కుదరదని చెప్పారు ఇందుమతిగారు. లోపల పొర వాటి చుట్టూ అల్లుకుపోయిందట, తీస్తే కళ్లు పోతాయట. ఒంట్లో ప్లాస్టిక్ ఉన్నవాళ్లని గాలికొండ మీదికి పంపాలని నియమం. గుండెలో గొట్టాలు, మోకాళ్లలో చిప్పలు పెట్టించుకున్న ముసలివాళ్లంతా అక్కడే ఉంటారు. కొండ మీద గాలి ఎప్పుడూ ఆగదు.

"పై వాళ్లకి రాస్తాను. బండి పంపుతారు" అని వెళ్లిపోయారు.

నూకరత్నం రాత్రంతా జనుము తాడు పేనుతూనే ఉంది.  అత్త పాప ఉయ్యాలకి ఆ చివరన, గోడకి ఆనుకుని కూర్చుంది. ఎంత పిలిచినా దగ్గరికి రాలేదు.

గురువారం. గాలి పొద్దున లేదు, మధ్యాహ్నం కొద్దిగా.

బండి రాలేదు. పక్కింటి గున్నమ్మ మాత్రం వచ్చింది. వంజరం చేప ముక్కలు పులుసు పెట్టి తెచ్చింది. నిన్న ఎదురింటివాళ్లు తాటిబెల్లం తెచ్చారు. మొన్న ఇంకెవరో అత్తకి నేత చీర తెచ్చారు. ఇంతకుముందు మాకు పొర దళసరిగా కడుతోందని మా గడప తొక్కడానికి భయపడ్డవాళ్లే వీళ్లంతా.

"మీ అత్తని జాగర్తగా సూసుకోండి బాబూ" అంది గున్నమ్మ. "పెద్ద పేణం."

ఆమె మొహం నున్నగా, తేటగా ఉంది. గోటి గీతలు లేవు. రోజూ పొర తీసుకునే వాళ్లందరికీ దవడ మీద ఎర్రటి గీతలుంటాయి.

"మీ ఇంట్లో పొర కట్టడం లేదా?" అని అడిగాను.

ఆమె గిన్నె మీద మూత సర్దుకుంటూ, "ఈ మజ్జిన తగ్గింది బాబూ" అని వెళ్లిపోయింది.

వీధి చివరిదాకా నడిచి చూశాను. అందరి మొహాలూ తేటగానే ఉన్నాయి. అరుగుల మీద చెంబుల్లో నీళ్లు కలియబెట్టకుండా వదిలేశారు, తేటగా ఉన్నాయి. మా ఇంటికి వచ్చి పక్కగోడ చూశాను. అత్త పడుకునే గది గోడ అది. ఆ గోడనిండా మొహాలు. గున్నమ్మది, గున్నమ్మ కొడుకులవి, ఎదురింటివాళ్లవి, నాకు తెలియనివి, ఒకదాని మీద ఒకటి. కళ్లు మూసుకుని, నోళ్లు కొంచెం తెరుచుకుని, గోడకి చెంపలు ఆనించి నిద్రపోతున్నట్టున్నాయి. గోటితో తీయడం, గోతికి మోసుకెళ్లడం మానేశారన్నమాట. పొర దానంతటదే ఊడి గాల్లో వచ్చేస్తోంది. అత్త ఉన్నంతకాలం ఇక్కడికే వస్తాయి.

ఇందుమతిగారి దగ్గరికి వెళ్లాను. బండి సంగతి అడిగితే కాగితాలు సర్దుతూ మాట్లాడారు.

"గాలి పడిపోయే రోజులు పైడిరాజుగారూ. ఈ నెల గడవనివ్వండి."

"మా పాప సంగతి?"

"ఊళ్లో పిల్లలు చాలామంది ఉన్నారు" అన్నారావిడ. ఆ మాట అన్నాక నా కళ్లలోకి చూడలేకపోయారు.

ఇంటికొచ్చి నూకరత్నానికి చెప్పాను. ఆమె చేపల పులుసు గిన్నె తీసుకెళ్లి గున్నమ్మ గడపలో బోర్లించి వచ్చింది.

శనివారం. గాలి లేదు.

ఆకు కూడా కదలడం లేదు. సముద్రం నూనెలా పరుచుకుని ఉంది. తుపానుకి ముందు ఇలాగే ఉంటుందని అత్త చెప్పింది. మేం నిద్రపోవడం మానేశాం. పాపని మెలకువగా ఉంచలేం కాబట్టి ఒకరి తర్వాత ఒకరం తాటాకు విసనకర్రతో విసురుతున్నాం.

అత్త గోడకి ఆనుకుని కూర్చునే ఉంది. రోజూ పొర తీసినా కళ్ల మీద మాత్రం మిగిలిపోతోంది. నల్లగుడ్లు పాలు కలిపినట్టున్నాయి. అయినా సూదిలో దారం ఎక్కిస్తోంది.

పని చేస్తూనే ఒక మాట అంది. "గున్నమ్మ ఇంట్లో అన్నం మాడిపోతన్నాది. అది పెరట్లో ఉంది, సూసుకోలేదు."

కాసేపటికి మాడు వాసన వచ్చింది. గోడకి అవతల గున్నమ్మ చెప్పుల చప్పుడు, పెరటి వైపు నుంచి పరుగెత్తుతూ.

"నీకెలగ తెలిసిందే అమ్మా?" అంది నూకరత్నం.

"కనపడితే సెప్పినాను" అంది అత్త, అందులో వింతేముంది అన్నట్టు.

నూకరత్నం నా వైపు చూసింది. ఇద్దరం గున్నమ్మ ఇంటివైపు గోడ చూశాం. కిటికీ కూడా లేని గోడ.

ఆదివారం. గాలి లేదు.

రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అయినా రాస్తాను.

పొద్దున విసనకర్ర నా చేతిలో ఉంది. కన్ను మూశానో లేదో నాకు తెలియదు. నూకరత్నం కేక విని చూస్తే పాప మొహం నిగనిగలాడుతోంది. ముక్కు, నోరు అన్నీ ఒకటే నునుపు. పెదాలు నీలంగా మారుతున్నాయి. నూకరత్నం గోరు దిగడం లేదు, జారిపోతోంది. నేను కత్తి కోసం పరుగెత్తాను.

అత్త మమ్మల్నిద్దరినీ తోసేసి వచ్చింది. ఎన్నేళ్లుగానో వలల ముడులు విప్పిన గోళ్లు. పాప చెవి వెనకాల ఎక్కడో అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. పాప ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నూకరత్నం పాపని ఎత్తుకుంది.

అత్త చేతిలో ఉన్నది పాప మొహమే. కానీ కళ్లు తెరిచి ఉన్నాయి. పాప కళ్లు మూసుకునే ఉంది అంతసేపూ.

"నాను ఎల్లిపోతానర్రా" అంది అత్త.

"ఎక్కడికెల్తావే? నీతో పాటు నానూ వొస్తాను, ముగ్గురం కొండకి పోదాం" అంది నూకరత్నం.

"పాలు తాగే పిల్లని ఏసుకొని ఎండలో కొండెక్కుతావా? కూకో."

"బండి నేను మాట్లాడతాను అత్తా" అన్నాను. "ఇందుమతిగారు పంపకపోతే పక్క ఊరు వెళ్లి తెస్తాను."

అత్త నా భుజం తట్టింది. ఎప్పుడూ అలా చేసింది కాదు. "అలగే బాబూ. ముందు కొంచెం గంజి తాగి రా, తూలిపోతన్నావు."

నేను గంజి తాగి వచ్చేసరికి ఆమె లేదు.

అదే ఆదివారం. పొద్దు వాలాక.

పగలంతా అత్త కోసం ఊళ్లో వెతికి, మళ్లీ మా వీధిలోకి వచ్చి నిలబడ్డాను. గాలి లేదని మళ్లీ రాస్తున్నాను. నా చేతిలో బూడిద పట్టుకుని వదిలితే తిన్నగా కాళ్ల మీద పడింది. కానీ మా పక్కగోడ మీది మొహాలు ఊడుతున్నాయి. ఒక్కొక్కటే అంచు విడిపించుకుని, గాలిలోకి లేచి, మనిషి ఎత్తున, మనిషి నడకంత మెల్లగా పడమటి వైపు సాగుతున్నాయి. పెంకుల కిందనుంచి, వంటిళ్ల కిటికీల్లోంచి ఇంకొన్ని వచ్చి కలుస్తున్నాయి. జనం గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు.  గున్నమ్మ తన మొహం తన ముందునుంచి వెళ్తుంటే పక్కకి తప్పుకుని దారిచ్చింది.

నేను వాటి వెనకాలే నడిచాను. ఊరు దాటి, ఉప్పుమడుల గట్ల మీదుగా. కూలీలు ఎండకి తలదాచుకునే పాక ఒకటి ఉంది అక్కడ, గోడలు లేనిది. అత్త అందులో కూర్చుంది. చుట్టూ మడుల్లో తెల్లటి ఉప్పు, దాని మీద మొహాలు వచ్చి వాలుతున్నాయి. కొన్ని ఆమె దాకా వచ్చి, మొహానికి కాకుండా కళ్లకి మాత్రం తాకి, కరిగిపోతున్నాయి. నేను చూశాను. కరిగిపోతున్నాయి.

"అత్తా!"

"అక్కడే ఉండు బాబూ. నాకేటీ అవ్వలేదు. ముక్కు మీదికి రావు. ఈ కళ్లకోసమే వస్తాయి."

ఆమె కళ్లు రెండూ పూర్తిగా తెల్లబడిపోయాయి. నల్లగుడ్డు ఎక్కడుందో తెలియలేదు. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు.

"ఏడవకు. నాను సూస్తన్నానే. ఇంతకుముందు కంటే బాగా సూస్తన్నాను. పొర ఎక్కడుంటే అక్కడ నుంచి కనపడతన్నాది. సెంబుల్లోంచి, గోడల మీద నుంచి. ఆ ఇందుమతి బల్ల ముందు కూకొని రాసిన కాగితం సింపేస్తన్నాది. మళ్లీ రాస్తన్నాది."  తల ఒక పక్కకి వంచింది. ఆ తర్వాత ఆమె మొహం అంతా విప్పారింది. "ఓలమ్మా! బాబూ, నువ్వు బేగి ఇంటికెల్లు. గుంట బోర్లా పడతన్నాది. ఒక సెయ్యి కింద ఇరుక్కుపోనాది, తీసుకోలేకపోతన్నాది. ఎల్లు, ఎల్లు!"

పరుగెత్తాను. గట్ల మీద రెండుసార్లు జారి పడ్డాను. ఇంట్లోకి వెళ్లేసరికి నూకరత్నం చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఏడుస్తూ నవ్వుతోంది. పాప బోర్లా పడి, తల ఎత్తి, దేనికో కోపంగా చూస్తోంది.

"ఇప్పుడే" అంది నూకరత్నం. "సెయ్యి ఇరుక్కుంటే నానే తీసినాను. అమ్మ ఏదీ?"

చెప్పాను. ఒక్క మాట కూడా దాచలేదు.

గురువారం. గాలి వచ్చింది.

తుపాను తీరం తాకకుండా ఉత్తరానికి వెళ్లిపోయింది. గాలి మాత్రం మిగిల్చింది. ఊరంతా పడి నిద్రపోయింది. మేమూ పడుకున్నాం, పాపతో సహా. లేచి చూసుకుంటే ఎవరి మొహం మీదా ఏమీ లేదు.

నూకరత్నం రోజూ ఉప్పుమడుల దాకా వెళ్లి అమ్మకి గంజి పోసి వస్తోంది. పాపని ఇంట్లోనే ఉంచమని అత్త చెప్పింది. నూకరత్నం తల్లి మాట దాటలేదు, పాప ఊపిరికి భయపడి. గాలికొండ బండి నిన్న వచ్చింది. అత్త ఎక్కనంది. ఇక్కడైతే ఊరు కనపడుతుందట, కొండ మీద పొర కట్టదు కాబట్టి చీకటే ఉంటుందట. ఇందుమతిగారు బలవంతం చేయలేదు. బండివాణ్ని పంపేశారు. తిరిగి వెళ్లేటప్పుడు పాక వైపు చూడకుండా తల వంచుకుని నడిచారు.

అత్త చూస్తోందని ఊరికి తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పలేను, నేనెవరితోనూ అనలేదు. గున్నమ్మ తన ఇంటి కిటికీలన్నిటికీ గోనెపట్టాలు కట్టింది. నీళ్ల బానలకి మూతలు పెట్టించింది. రోజూ వాకిట్లోకి వచ్చి ఉప్పుమడుల వైపు తిరిగి ఒక దండం పెడుతుంది. భక్తో భయమో ఆమెకే తెలియాలి. ఎదురింటి మొగుడూ పెళ్లాలూ గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు.

ఈ సాయంత్రం కళాయి కొలిమి ఆర్పి ఇంట్లోకి వచ్చాను. వంటింటి కిటికీ అద్దానికి పొర కట్టి ఉంది. పలచగా, పూర్తిగా తేటగా, మీద ఎవరి మొహమూ లేదు. నేను కొబ్బరిపీచు అందుకుని తుడవబోయాను. నూకరత్నం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

పాప మొహం కడిగింది. కాటుక పెట్టింది. తల దువ్వడానికి జుట్టేమీ లేకపోయినా కొయ్య దువ్వెనతో రెండుసార్లు దువ్వింది. చంకల కింద పట్టుకుని, అద్దానికి తగలనంత దూరంలో, అద్దం ఎదురుగా ఎత్తి నిలబెట్టింది.

"సూడవే అమ్మా" అంది. "గుంటకి పన్నొస్తన్నాది. కింద, ఎడం పక్క."

పెదవి కిందికి లాగి, కనపడేలా చూపించింది.